గూడ్సు బండిని కదిలించేది హార్స్‌పవరేనా? డబ్ల్యూడీజీ-4 లెక్కలు విప్పి చూస్తే

దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్లకు కరెంటు తీగలు వేసే పని దాదాపు పూర్తయింది. అయినా ఆ తీగల కిందే యాభై ఎనిమిది బొగ్గు వ్యాగన్లను లాక్కుంటూ డీజిల్ లోకో వెళ్లడం ఇప్పటికీ కనబడుతుంది. చూసినవాళ్లకు రెండు సందేహాలు వస్తాయి. కరెంటు ఉండగా డీజిల్ దేనికి? డీజిల్ కంటే కరెంటు ఇంజన్ బలమైనది కదా, మరి ఇంత బరువును డీజిల్ ఎలా లాగుతోంది?

రెండో సందేహం తీరితే మొదటిది సగం తీరినట్టే. అందుకు రెండు లోకోల అంకెలు పక్కపక్కన పెట్టి చూద్దాం. గూడ్సు కోసం తెచ్చిన డీజిల్ లోకో డబ్ల్యూడీజీ-4 మొదటి రూపంలో 4,000 హార్స్‌పవర్. గూడ్సు కోసమే వచ్చిన కరెంటు లోకో డబ్ల్యూఏజీ-9 అయితే 6,120 హార్స్‌పవర్. రెండోది ఒకటిన్నర రెట్లు పెద్దది. కానీ నిలబడ్డ బండిని కదిలించేటప్పుడు పెట్టగల లాగుడు బలం చూస్తే లెక్క తిరగబడుతుంది. డీజిల్‌ది 540 కిలోన్యూటన్లు, మొదట్లో వచ్చిన డబ్ల్యూఏజీ-9ది 460. హార్స్‌పవర్ తక్కువైన లోకోకే మొదటి లాగుడు ఎక్కువ. ఈ అంకెల్లో తప్పేమీ లేదు. హార్స్‌పవర్ ఒక రకం బలం, లాగుడు మరో రకం బలం. గూడ్సు బండి బతుకంతా ఈ రెంటి మధ్యే నడుస్తుంది.

ముందుగా ఒక మాట. మామూలు వాడుకలో బండిని లాగే మొత్తం వాహనాన్నీ ఇంజన్ అంటాం, దాని లోపల డీజిల్‌ను మండించే యంత్రాన్నీ ఇంజన్ అనే అంటాం. ఇక్కడ తికమక లేకుండా వాహనాన్ని లోకో అని, లోపలి యంత్రాన్ని ఇంజన్ అని అంటున్నాం.

పేరులోని అక్షరాలు, అంకెలు

డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, జీ అంటే గూడ్సు. చివరి 4 అంటే నాలుగు వేల హార్స్‌పవర్ తరగతి. ఇంతవరకు సులువే. చిక్కంతా ఆ తర్వాతే.

ఈ అంకెల పద్ధతి మొదటినుంచీ ఉన్నది కాదు. 1962లో వచ్చి దశాబ్దాలపాటు దేశమంతా తిరిగిన డబ్ల్యూడీఎం-2లో 2 అంటే రెండు వేల హార్స్‌పవర్ కాదు. ఆ వరసలో రెండో రకం అని మాత్రమే అర్థం. దాని ఇంజన్ 2,600 హార్స్‌పవర్‌ది. హార్స్‌పవర్‌ను బట్టి అంకె పెట్టే పద్ధతి వచ్చాక పాత డబ్ల్యూడీజీ-2 కాస్తా డబ్ల్యూడీజీ-3ఏ అయింది. అక్కడ 3 అంటే మూడు వేలు, ఏ అంటే ఇంకో వంద, మొత్తం 3,100.

డబ్ల్యూడీజీ-4 దగ్గరకొచ్చేసరికి ఈ సూత్రం మళ్లీ సడలిపోయింది. తర్వాత తయారైన వాటి ఇంజన్‌ను 4,500 హార్స్‌పవర్‌కు పెంచినా పేరు మారలేదు. డబ్ల్యూడీజీ-4డీలో డీ అంటే నాలుగు వందలు కాదు, రెండు వైపులా క్యాబ్ ఉన్న రకం. డబ్ల్యూడీజీ-4జీలో చివరి జీ జనరల్ ఎలక్ట్రిక్‌ను సూచిస్తుంది. బిహార్‌లోని మఢౌరా ఫ్యాక్టరీనుంచి వచ్చే ఈ లోకోకు, అసలు డబ్ల్యూడీజీ-4కు మధ్య ఇంజన్‌లో పోలికే లేదు. పేరు చూసి ఒకే కుటుంబం అనుకుంటే పొరపాటు.

అసలు డబ్ల్యూడీజీ-4 అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్‌కు అప్పట్లో లోకో విభాగంగా ఉన్న ఈఎండీ డిజైన్. వాళ్ల లెక్కలో దీని పేరు జీటీ46మ్యాక్. 1995లో ఒప్పందం కుదిరింది. మొదటి 21 లోకోల్లో 13 పూర్తిగా తయారై వచ్చాయి, మిగతా 8 విడిభాగాలుగా వస్తే వారణాసిలోని డీజిల్ లోకో వర్క్స్‌లో బిగించారు. 1999లో 12001 నంబరుతో ఈ వరస మొదలైంది. తొలి లోకోలకు హుబ్బళ్లి హోం షెడ్ (లోకోను చూసుకుని మరమ్మతు చేసే సొంత చోటు) అయింది. ఎందుకో ఘాట్ సంగతి వచ్చినప్పుడు తెలుస్తుంది. తర్వాత వారణాసిలోనే పెద్ద ఎత్తున తయారీ సాగింది. మన వైపు గుత్తి షెడ్ ఈ తరగతికి బాగా అలవాటైన చోటు.

డీజిల్ ఇంజన్ చక్రాన్ని తిప్పదు

లారీలో ఇంజన్‌నుంచి గేర్‌బాక్సు, షాఫ్టు మీదుగా చక్రానికి శక్తి పోతుంది. ఈ లోకోలో అలా కాదు. ఇంజన్ ఒక ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది, అందులో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు ఇరుసుల దగ్గరున్న ఆరు ట్రాక్షన్ మోటార్లకు వెళ్తుంది. చక్రాన్ని తిప్పేవి ఆ మోటార్లే. ఒక్క మాటలో చెప్పాలంటే డీజిల్ లోకో అంటే తన పవర్‌హౌస్‌ను తన వీపునే మోసుకుపోయే కరెంటు లోకో.

డబ్ల్యూడీజీ-4లో ఇంకో రెండు మెట్లున్నాయి. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే ఏసీని ముందు డీసీగా మార్చి, దాన్ని ఇన్వర్టర్లలో మళ్లీ మూడు ఫేజుల ఏసీగా చేసి మోటార్లకు ఇస్తారు. చేసిన ఏసీని చెరిపి మళ్లీ ఏసీ చేయడం వృథా పనిలా కనిపిస్తుంది. కానీ ఆల్టర్నేటర్ ఇచ్చే ఏసీ ఫ్రీక్వెన్సీ ఇంజన్ వేగాన్ని బట్టి ఉంటుంది, మోటారుకు కావలసిన ఫ్రీక్వెన్సీ బండి వేగాన్ని బట్టి ఉండాలి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజన్ పూర్తి జోరుమీద ఉంటుంది, మోటారు మాత్రం చాలా నెమ్మదిగా తిరగాలి. ఆ రెంటినీ విడదీసేది ఇన్వర్టర్. మన దేశంలో మూడు ఫేజుల ఏసీ మోటార్లతో మెయిన్‌లైన్ మీదకు వచ్చిన తొలి డీజిల్ లోకో తరగతి ఇదే.

అంతకు ముందున్న డబ్ల్యూడీఎం-2, డబ్ల్యూడీజీ-3ఏలలో డీసీ మోటార్లుంటాయి. డీసీ మోటారులో కమ్యుటేటర్, దానిమీద రాసుకునే కార్బన్ బ్రష్షులు ఉంటాయి. నెమ్మదిగా, ఎక్కువ కరెంటుతో చాలాసేపు లాగిస్తే వైండింగులు కాగిపోతాయి. అందుకే డీసీ లోకోను పూర్తి లోడు మీద ఒక కనీస వేగం కంటే తక్కువలో ఇన్ని నిమిషాలకు మించి నడపకూడదని పరిమితి ఉంటుంది. ఏసీ ఇండక్షన్ మోటారులో కమ్యుటేటరూ లేదు, బ్రష్షులూ లేవు. నడక వేగంతో ఎత్తు ఎక్కుతున్నా అది డీసీ మోటారులా త్వరగా అలసిపోదు.

లాగుడు ఎంత కావాలి: ఒక బండి లెక్క

నిండుగా బొగ్గు పోసిన బాక్స్‌ఎన్ వ్యాగన్ 81.28 టన్నులు తూగుతుందని తీసుకుందాం. అలాంటివి 58 అంటే 4,714 టన్నులు. బ్రేక్‌వ్యాన్ కలిపి 4,730, లోకో బరువు 126 కలిపి 4,856 టన్నులు.

నిలబడ్డ గూడ్సును సమతలం మీద కదిలించాలంటే టన్నుకు సుమారు 4 కిలోల లాగుడు కావాలి. అంటే ఈ బండికి 19.4 టన్నులు. దారి ఎత్తు ఎక్కుతుంటే ఆ లెక్క విడిగా కలపాలి. ఇది చాలా సులువు. 200 మీటర్లు పోతే ఒక మీటరు లేచే చోట టన్నుకు ఇంకో 5 కిలోలు, 150కి ఒకటి అయితే 6.67 కిలోలు, 100కు ఒకటి అయితే 10 కిలోలు. ఈ లెక్కన బండిని 200కు ఒకటి ఎత్తులో కదిలించడానికి 43.7 టన్నులు, 150కి ఒకటిలో 51.8 టన్నులు, 100కు ఒకటిలో 68 టన్నుల లాగుడు అవసరం.

ఇప్పుడు లోకోలు. డబ్ల్యూడీఎం-2 మొదటి లాగుడు 30.4 టన్నులు, డబ్ల్యూడీజీ-3ఏది 38 దరిదాపు, డబ్ల్యూడీజీ-4ది 540 కిలోన్యూటన్లు, అంటే 55 టన్నులు. సమతలం మీద మూడూ ఈ బండిని కదిలిస్తాయి. 200కు ఒకటి ఎత్తులో సిగ్నల్ దగ్గర ఆపితే మొదటి రెండూ కదిలించలేవు, డబ్ల్యూడీజీ-4 కదిలిస్తుంది. 150కి ఒకటిలో దానికీ మిగులు మూడు టన్నులే. పట్టాలు పొడిగా ఉంటేనే ఆ మూడు టన్నులు కూడా. 100కు ఒకటిలో రెండు లోకోలు జత చేయాల్సిందే.

ఈ లెక్కలో ఇప్పటిదాకా హార్స్‌పవర్ అన్న మాటే రాలేదు. ఇంజన్‌ను 4,000 నుంచి 4,500కు పెంచినా 55 టన్నులు 55 టన్నులుగానే ఉంటాయి. నిలబడ్డ చోటునుంచి బండిని కదిలించేటప్పుడు ఆ అదనపు 500 హార్స్‌పవర్ ఒక్క కిలో కూడా కలపదు.

మరి హార్స్‌పవర్ ఎక్కడ పనికొస్తుంది?

వేగం దగ్గర. శక్తి అంటే లాగుడును వేగంతో గుణించగా వచ్చేది. 4,000 హార్స్‌పవర్ అంటే దాదాపు 2,980 కిలోవాట్లు. ఫ్యాన్లు, కంప్రెసర్, కరెంటు మార్పిడి నష్టాలు పోగా పట్టాల దగ్గర 2,500 మిగులుతుందని అనుకుందాం. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఆ శక్తితో 450 కిలోన్యూటన్లు లాగవచ్చు. 50 దగ్గర 180, 75 దగ్గర 120. వేగం పెరిగేకొద్దీ లాగుడు కరిగిపోతుంది.

ఇందాకటి బండే 200కు ఒకటి ఎత్తు ఎక్కుతోందనుకుందాం. నడుస్తున్న బండికి రాపిడి తగ్గి టన్నుకు 2 కిలోలు చాలు. ఎత్తుతో కలిపి 7 కిలోలు, మొత్తం 34 టన్నులు, అంటే 333 కిలోన్యూటన్లు. 2,500 కిలోవాట్లతో ఆ లాగుడును నిలబెట్టగల వేగం గంటకు 27 కిలోమీటర్లు. అదే బండికి 4,500 కిలోవాట్ల డబ్ల్యూఏజీ-9 కడితే వేగం 45 దాటుతుంది. పన్నెండు కిలోమీటర్ల ఎత్తు ఉన్న సెక్షన్లో డీజిల్‌కు దాదాపు 27 నిమిషాలు పడితే కరెంటు లోకోకు 16 నిమిషాలు. వెనక బండ్లు ఆగి ఉండే రద్దీ లైనులో ఆ పదకొండు నిమిషాల విలువ చాలా ఎక్కువ.

కాబట్టి రెంటిలో ఏది బలమైనదంటే, కదిలించేటప్పుడు డబ్ల్యూడీజీ-4, కదిలాక డబ్ల్యూఏజీ-9. ఈ తేడా పట్టుకోకుండా రెంటినీ పోల్చడం వల్లే వాదనలు ఎటూ తెగవు.

చక్రానికీ పట్టాకీ మధ్య

55 టన్నుల లాగుడు ఎక్కడినుంచి వస్తోంది? మోటార్లు ఎంత తిప్పినా చక్రం జారిపోతే ఫలితం సున్నా. లాగుడుకు పైకప్పు వేసేది చక్రానికీ పట్టాకీ మధ్య ఉండే పట్టు. ఉక్కు మీద ఉక్కు. ఒక్కో చక్రం పట్టాను తాకే మేర చిన్న నాణెమంత. ఒక ఇరుసుమీద 21 టన్నుల చొప్పున ఆరు ఇరుసులకు 126 టన్నులు, అంతా పన్నెండు నాణేలంత చోటు మీద నిలబడి ఉంటుంది.

లోకో బరువులో ఎన్నో వంతు లాగుడుగా మారుతుందో చూస్తే పట్టు ఎంతో తెలుస్తుంది. డబ్ల్యూడీఎం-2 బరువు 112.8 టన్నులు, లాగుడు 30.4, అంటే 27 శాతం. డబ్ల్యూడీజీ-3ఏ 123 టన్నుల బరువుతో 31 శాతం. డబ్ల్యూడీజీ-4 మాత్రం 126కు 55, దాదాపు 44 శాతం. బరువు ఎక్కడా పెద్దగా పెరగలేదు. పెరిగింది పట్టును వాడుకునే నేర్పు. ఈ తరగతి గురించి తెలుసుకోవలసిన ముఖ్యమైన అంకె ఏదంటే హార్స్‌పవర్ కంటే ముందు ఈ 44నే చెప్పాలి.

చక్రం అస్సలు జారకుండా దొర్లితేనే పట్టు గరిష్ఠంగా ఉంటుందని అనుకుంటాం. నిజానికి చక్రం బండి వేగం కంటే ఒక పిసరు ఎక్కువగా తిరుగుతూ, పట్టాను గీరుతున్నట్టుగా పాకినప్పుడే పట్టు ఎక్కువ దొరుకుతుంది. ఆ పిసరు దాటితే పట్టు ఒక్కసారిగా జారిపోతుంది. ఆ అంచుమీద చక్రాన్ని నిలబెట్టడమే అసలు విద్య. అందుకు బండి నిజంగా ఎంత వేగంతో పోతోందో తెలియాలి. చక్రాన్ని అడిగితే చెప్పదు, అదే జారుతూ ఉండవచ్చు గనక. అందుకని లోకో అడుగున ఒక రాడార్ నేలను చూస్తూ వేగం కొలుస్తుంది. కంట్రోల్ కంప్యూటర్ ఆ వేగాన్ని మోటారు వేగంతో సరిచూస్తూ ఇన్వర్టర్‌కు ఎప్పటికప్పుడు ఆదేశాలిస్తుంది.

ఏసీ మోటారు స్వభావం కూడా ఇక్కడ కలిసొస్తుంది. డీసీ సిరీస్ మోటారు చక్రం ఒకసారి జారడం మొదలైతే అది ఇంకా ఇంకా వేగం పుంజుకుంటుంది. లోకో పైలట్ నాచ్ (ఇంజన్ జోరును నిర్ణయించే మెట్టు, ఎనిమిదోది గరిష్ఠం) తగ్గించి, ఇసుక వేసి దారికి తేవాలి. ఇండక్షన్ మోటారు తనకు అందుతున్న ఫ్రీక్వెన్సీకి కట్టుబడి ఉంటుంది. చక్రం జారి వేగం పెరగబోతే మోటారు ఫ్రీక్వెన్సీ వేగానికి దగ్గరై, తిప్పే బలం తనంతట తానే పడిపోతుంది.

దీనికి ఒక మూల్యం ఉంది, అది షెడ్‌లో కనబడుతుంది. తొలి డబ్ల్యూడీజీ-4లలో ఒక బోగీకి (పెట్టె కాదు, లోకో కింద మూడు ఇరుసులను పట్టి ఉంచే చట్రం) ఒక ఇన్వర్టర్, అంటే మూడు మోటార్లకూ ఒకటే ఫ్రీక్వెన్సీ. ఈ చక్రాల వ్యాసం కొత్తప్పుడు 1,092 మిల్లీమీటర్లు, అరిగి అరిగి 1,016 దాకా వస్తుంది. ఒకే బోగీలో ఒక చక్రం 1,080, ఇంకోటి 1,069 ఉన్నాయనుకోండి. తేడా ఒక్క శాతమే. కానీ చిన్న చక్రం అదే దూరానికి ఒక శాతం వేగంగా తిరగాలి. పూర్తి లోడు మీద మోటారు వేగానికీ ఫ్రీక్వెన్సీ వేగానికీ తేడా ఒక శాతం అనుకుంటే, చిన్న చక్రం మోటారు ఆ తేడాను పూర్తిగా తినేసి దాదాపు ఏమీ లాగదు. భారమంతా పెద్ద చక్రాల మోటార్లమీద పడి అవి వేడెక్కుతాయి. అందుకే ఒక చక్రం పాడైతే దాన్నొక్కదాన్నే లేతు మీద చెక్కి వదిలేయరు, మిగతావాటినీ దానికి సరిపోయేలా చెక్కుతారు. ఇరుసుకో ఇన్వర్టర్ ఉన్న తర్వాతి రకాల్లో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది.

ఇంజన్ గది లోపల

పాత తరగతుల్లో ఉన్నది ఆల్కో 251, పదహారు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజన్. డబ్ల్యూడీజీ-4లో ఉన్నది ఈఎండీ 710. ఇదీ పదహారు సిలిండర్లే, కానీ టూస్ట్రోక్. 710 అంటే ఒక్కో సిలిండర్ కొలత ఘనపు అంగుళాల్లో, మన లెక్కలో 11.6 లీటర్లు. గాలి లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) పక్కనున్న రంధ్రాల్లోంచి లోపలికి వస్తుంది, పొగ పైనున్న నాలుగు వాల్వుల్లోంచి పోతుంది. 4,000 హార్స్‌పవర్ రకంలో ఎనిమిదో నాచ్‌లో నిమిషానికి 904 చుట్లు, ఆల్కో 1,000 పైన. ఐడిల్‌లో, అంటే లోడు లేకుండా ఊరికే నడుస్తున్నప్పుడు ఆల్కో 400 చుట్ల దగ్గర ఉంటే ఇది లో ఐడిల్‌లో 200కు దిగుతుంది. యార్డుల్లో గంటలకొద్దీ నిలబడే గూడ్సు లోకోకు ఇంధనం ఆదా అయ్యేది ఇక్కడే.

టూస్ట్రోక్‌కు ఒక బలహీనత ఉంది. దీనికి గాలిని తానే పీల్చుకునే స్ట్రోక్ లేదు, ఎవరో ఒకరు లోపలికి తోయాలి. ఆ పని టర్బోది. కానీ తక్కువ నాచ్‌లలో టర్బోను తిప్పేంత జోరు పొగలో ఉండదు. అందుకని ఈఎండీ టర్బోను మొదట ఇంజనే గేర్లతో తిప్పుతుంది. నాచ్ పెరిగి పొగ బలం చాలినంత వచ్చాక టర్బో గేర్లను మించి తిరుగుతుంది, అప్పుడు మధ్యనున్న క్లచ్ దానంతటదే వదిలేస్తుంది. ఆ క్లచ్ అరిగి జారితే తక్కువ నాచ్‌లో నల్లటి పొగ కమ్మేస్తుంది, లోకో లోడు తీసుకోదు.

ఇంజన్ ఆపాక కూడా ఈ టర్బో సంగతి గుర్తుంచుకోవాలి. బేరింగులు ఇంకా కాగుతూనే ఉంటాయి గనక ఒక చిన్న విద్యుత్ పంపు సుమారు అరగంటపాటు టర్బోకు ఆయిల్ పంపుతుంది. పని అయిపోయిందని వెంటనే బ్యాటరీ స్విచ్ తీసేస్తే ఆ పంపు ఆగిపోతుంది, నిలిచిన ఆయిల్ బేరింగు వేడికి మాడి గట్టిపడుతుంది. తర్వాత టర్బో పాడైతే కారణం ఎక్కడో వెతుకుతారు.

మరమ్మతులో మాత్రం ఈ ఇంజన్ చాలా అనువైనది. సిలిండర్ హెడ్, లైనర్, పిస్టన్, కనెక్టింగ్ రాడ్ కలిపి పవర్ అసెంబ్లీ అనే ఒకే కట్టగా బయటికి వస్తాయి. ఒక సిలిండర్ దెబ్బతింటే ఆ కట్ట తీసి కొత్త కట్ట దించుతారు, పాతదాన్ని తీరిగ్గా బెంచీ మీద బాగుచేస్తారు. లోకో షెడ్‌లో నిలిచిపోయే కాలం తగ్గడానికి ఇదొక పెద్ద కారణం.

క్రాంక్‌కేసులో (ఇంజన్ అడుగున క్రాంక్‌షాఫ్టు తిరిగే పెట్టెలో) ఒత్తిడి పెరిగితే డిటెక్టర్ ఇంజన్‌ను ఆపేస్తుంది. అలా ఆగినదాన్ని తిరిగి స్టార్ట్ చేయకూడదు. కాగిన ఆయిల్ ఆవిరికి గాలి తగిలితే పేలే ప్రమాదం ఉంది కాబట్టి కనీసం రెండు గంటలు చల్లారనిచ్చాకే కవర్లు తెరవాలి.

గేరు పళ్లలో దాగిన తేడా

ఇదే ఇంజన్‌తో ప్యాసింజర్ బండ్లకు డబ్ల్యూడీపీ-4 వరస ఉంది. గూడ్సు లోకోలో ఇరుసు గేరుకు 90 పళ్లు, మోటారు పినియన్‌కు (చిన్న గేరుకు) 17. ప్యాసింజర్ లోకోలో 77, 17. గూడ్సు లోకోలో చక్రం ఒకసారి తిరిగేసరికి మోటారు 5.29 సార్లు తిరుగుతుంది, ప్యాసింజర్‌లో 4.53 సార్లు. కొత్త చక్రంతో గంటకు 100 కిలోమీటర్ల దగ్గర గూడ్సు మోటారు నిమిషానికి దాదాపు 2,570 చుట్లు తిరుగుతుంటే, ప్యాసింజర్ మోటారు 2,200 దగ్గరే ఉంటుంది, ఇంకా వేగానికి చోటుంటుంది. బదులుగా అదే మోటారు బలంతో లాగుడు 14 శాతం తగ్గుతుంది.

ఘాట్ ఎక్కడం, దిగడం

గోవా వైపు క్యాజిల్‌రాక్, కులెం మధ్య 37కు ఒకటి ఎత్తు. కర్ణాటకలో సుబ్రహ్మణ్య రోడ్, సక్లేశ్‌పూర్ మధ్య 55 కిలోమీటర్ల ఘాట్‌లో 50కి ఒకటి. తొలి లోకోలు హుబ్బళ్లికి చేరడానికి కారణం ఈ పశ్చిమ కనుమలే.

37కు ఒకటి అంటే టన్నుకు 27 కిలోలు, కదిలించే నాలుగుతో కలిపి 31. ఒక్క లోకో 55 టన్నులతో, తన బరువు పోగా, లాగగలిగేది 1,650 టన్నుల దగ్గర. మన 4,730 టన్నుల బండికి మూడు లోకోలు కాగితం మీద సరిపోతాయి. కనుమల్లో వాన పడి పట్టు 30 శాతానికి పడిపోతే ఒక్కో లోకో ఇచ్చేది 38 టన్నులే, మూడూ కలిసి 3,280 టన్నులకు మించి లాగలేవు. అందుకే లెక్కకు మించి లోకోలు పెడతారు. అన్నిటినీ ముందే కడితే మొదటి వ్యాగన్ కప్లింగ్ మీద మొత్తం లాగుడు పడి బండి తెగే ప్రమాదం ఉంటుంది కాబట్టి కొన్నిటిని బ్యాంకర్లుగా వెనకనుంచి తోయడానికి కడతారు.

దిగడం ఇంకా జాగ్రత్తగా చేయాల్సిన పని. ఇదే బండి ఆ వాలులో గంటకు 30 కిలోమీటర్లతో దిగుతుంటే అదుపులో పెట్టాల్సిన శక్తి దాదాపు 10 మెగావాట్లు. అంతా వ్యాగన్ల బ్రేకు బ్లాకుల మీదే వేస్తే అవి కాగి పట్టు కోల్పోతాయి. డైనమిక్ బ్రేకులో మోటార్లు జనరేటర్లుగా మారి బండిని వెనక్కి పట్టుకుంటాయి. పుట్టిన కరెంటును లోకోలోని రెసిస్టర్ గ్రిడ్లలో వేడిగా మార్చి ఫ్యాన్లతో బయటికి ఊదేస్తారు. డబ్ల్యూఏజీ-9 అయితే ఆ కరెంటును తీగలకు తిరిగి పంపగలదు. డీజిల్‌కు ఆ దారి లేదు.

సెక్షన్‌లో ఒక ఇన్వర్టర్ పోతే

డబ్ల్యూడీజీ-4లో ఒక బోగీ ఇన్వర్టర్ ఆగిపోతే దాన్ని వేరుచేసి రెండో బోగీతో పోవచ్చు. ఇది నిజంగా మంచి సదుపాయం. కానీ లాగుడు 55 నుంచి 27.5 టన్నులకు పడిపోతుంది. సమతలం మీద మన బండికి 19.4 చాలు కాబట్టి మెల్లగా స్టేషన్ చేరవచ్చు. ముందు 200కు ఒకటి ఎత్తు ఉంటే అక్కడ కావలసింది 43.7. ఆ ఎత్తులో ఆగితే బండి ఇక కదలదు, లైను మూసుకుపోతుంది. లోకో పైలట్ అసలు నిర్ణయం తీసుకోవాల్సింది ఎత్తు మొదలయ్యే ముందే, సాయం లోకో అడగాలా వద్దా అన్నది. వానాకాలంలో తేమ చేరి గ్రౌండ్ రిలే (కరెంటు లోకో చట్రానికి లీకైతే పవర్ ఆపే రక్షణ స్విచ్) పడడం ఇలాంటి ఇబ్బందుల్లో తరచుగా కనబడేది.

తీగల కింద డీజిల్: రెండు వైపుల మాట

డీజిల్ లోకోలను త్వరగా వదిలించుకోవాలనేవాళ్ల వాదనలో బలముంది. ఎనిమిదో నాచ్‌లో ఈ ఇంజన్ గంటకు 700 లీటర్ల పైన తాగుతుంది, 6,000 లీటర్ల ట్యాంకు ఆ లెక్కన ఎనిమిది గంటలు. ఆ ఇంధనానికి మూలమైన ముడి చమురులో ఎక్కువ భాగం దిగుమతే. కరెంటు లోకో వేగంగా పోతుంది, దిగేటప్పుడు శక్తిని తిరిగిస్తుంది. రెండు రకాల లోకోలు ఉంచితే రెండు రకాల విడిభాగాలు, రెండు రకాల శిక్షణ, ఇంధన డిపోలు అన్నీ నడపాలి.

ఉంచాలనేవాళ్లదీ ఆషామాషీ మాట కాదు. తుఫాను స్తంభాలను పడగొట్టినా, గ్రిడ్ ఆగిపోయినా నిలిచిన బండ్లను బయటికి లాగేది డీజిలే. తీగలు లేని సైడింగులు (సరుకు ఎక్కించే, దించే చోటికి పోయే పక్క లైన్లు), తీగల మరమ్మతు పనులు, రిలీఫ్ బండ్లు దాన్ని అడుగుతూనే ఉంటాయి. పైగా డీజిల్ లోకోకు నిర్ణయించిన ఆయుష్షు 36 ఏళ్లు. 2015లో తయారైన డబ్ల్యూడీజీ-4కు 2051 దాకా ఆయుష్షుంది. దాన్ని ఇప్పుడే పక్కన పెడితే మిగిలిన కాలం విలువంతా పోయినట్టే.

మధ్యేమార్గంగా డీజిల్‌ను కరెంటుగా మార్చడమూ చేసి చూశారు. వారణాసిలో రెండు డబ్ల్యూడీజీ-3ఏలను కలిపి 10,000 హార్స్‌పవర్ జంట కరెంటు లోకోగా మార్చి 2019 ఫిబ్రవరిలో పట్టాలెక్కించారు. పాత చట్రం, బోగీలు వాడుకోవచ్చన్నది అందులోని ఆకర్షణ. అయితే ఇంజన్, ఆల్టర్నేటర్ తీసేసి ట్రాన్స్‌ఫార్మర్, కన్వర్టర్ పెట్టాక పాతదిగా మిగిలేది తక్కువ. ఆ మార్పిడి విస్తృతంగా సాగలేదు.

డబ్ల్యూడీజీ-4 విషయంలో ఈ ప్రశ్న మరో రకంగా ఉంటుంది. దాని మూడు ఫేజుల మోటార్లు, పట్టు చూసుకునే కంట్రోలు కరెంటు లోకోల్లో ఉన్న సాంకేతికతకు దగ్గరివే. అది వెనకబడేది వేగం దగ్గర, ఇంధనం ఖర్చు దగ్గర. మెయిన్‌లైన్ మీద 27 కిలోమీటర్ల వేగంతో దారి మూసే లోకో, నిండు బొగ్గు బండిని సైడింగు లోపలికి నడక వేగంతో లాక్కెళ్లాల్సిన చోట ఏ లోపమూ లేనిదిగా కనబడుతుంది. అక్కడ కావలసింది 55 టన్నుల లాగుడే. పైన తీగ ఉందో లేదో చూడాల్సిన అవసరం దానికి లేదు.